తప్పు, కూర్చో

బసవపున్నయ్యకి తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి సినిమా హాళ్లుండేవి. కొత్త బొమ్మ పడ్డ సాయంత్రానికే దాని దొంగ సీడీ బస్టాండు పక్కన పల్లీల బండి మీద దొరకడం మొదలయ్యాక జనం హాళ్లకి రావడం మానేశారు. ఖాళీ కుర్చీల మధ్య ఈగలు తోలుకుంటూ కూర్చునే రకం కాదాయన. జనం ఎటు పోతున్నారా అని నాలుగు వైపులా చూశాడు. అందరూ ఇంజనీరింగ్ కాలేజీల గేట్ల ముందు నిలబడి ఉన్నారు. "సీట్లు అయిపోయినాయని చెప్పినా కదలట్లేదేంట్రా వీళ్లు!" అని ముచ్చటపడి, హాళ్లు మూడూ మూసేసి, అవే మూడు ఊళ్ల శివార్లలో మేధాకలశ ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచాడు. ఇది రెండువేల ఆరు, ఏడు నాటి మాట.

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆ రోజుల్లో రైసు మిల్లుల వాళ్లు తెరిచారు, చేపల చెరువుల వాళ్లు తెరిచారు, సినిమా హాళ్లాయన తెరిస్తే తప్పొచ్చిందా? చిక్కల్లా ఆయన వ్యాపారం మార్చాడు గానీ పద్ధతి మార్చలేదు. హాళ్లలోని కుర్చీలన్నీ పీకించి కాలేజీల్లో బిగించాడు, కింద అంటుకుపోయిన బబుల్‌గమ్‌తో సహా. ర్యాంకు తెచ్చుకున్న పిల్లలకి నేల, డబ్బు కట్టి చేరిన పిల్లలకి బాల్కనీ. పొద్దుటి క్లాసుకి మార్నింగ్ షో అనీ, మధ్యాహ్నం క్లాసుకి మ్యాట్నీ అనీ పేర్లు. పాఠం సగంలో బెల్లు కొట్టి ఇంటర్వెల్ ఇచ్చేవారు, సమోసాల బుట్ట లోపలికొచ్చేది. ప్రిన్సిపాల్ని ఆయన "మేనేజరూ" అని పిలిచేవాడు. పాపం ప్రిన్సిపాల్ కూడా పలికేవాడు.

దక్షిణామూర్తి మాస్టారు తెనాలిలో ఒక పాత డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పిల్లలంతా ఇంజనీరింగుకి ఎగబడేసరికి అక్కడ లెక్కల గ్రూపులో చేరేవాడు లేక దాన్ని ఎత్తేశారు. పిల్లలు ఎక్కడికి పోతే మాస్టారూ అక్కడికే పోవాలి గనుక ఆయన మేధాకలశలో చేరారు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎదురుగా ఎవరో ఒకరు జవాబు చెబితే తప్ప ఆయన నోరు ముందుకి సాగదు. ప్రశ్న వేసి, వేలు చూపించి, ఒకణ్ణి లేపుతారు. వాడు తప్పు చెబితే ఆయన మొహం వెలిగిపోతుంది. "తప్పు. కూర్చో" అంటారు. అని, ఆ తప్పు వాడి బుర్రలోకి ఏ దారిన వచ్చిందో వెతుక్కుంటూ బోర్డంతా తిరిగి, చివరికి వాణ్ణే లేపి వాడి నోటితోనే సరైన జవాబు చెప్పిస్తారు. అప్పుడు "ఒప్పు. లే" అంటారు. అప్పటికే లేచి నిలబడ్డవాణ్ణి మళ్లీ లే అనడమేంటని పిల్లలు నవ్వుకునేవారు గానీ, ఆ మాట అనిపించుకున్నవాడు ఆ రోజంతా కాస్త పొడుగ్గా నడిచేవాడు. ఆయన పాఠమంతా ఆ రెండు మాటల మధ్యే ఉండేది.

ఒకనాడు బసవపున్నయ్యకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఒక బొమ్మ మూడు ఊళ్లలో ఆడుతుంది కదా, మూడు ఊళ్లకి ముగ్గురు లెక్కల మాస్టార్లెందుకు? వెంటనే చీరాల, తెనాలి వైపు పెళ్లిళ్లు తీసే త్రినాథ్ అనే వీడియో కుర్రాణ్ణి పిలిపించాడు. మాస్టారికి మొహానికి పౌడరు రాశారు, జుట్టుకి నల్లరంగు వేశారు, ఎవరిదో పెళ్లికొడుకు కోటు తొడిగించారు. ఖాళీ హాల్లో కెమెరా ముందు నిలబెట్టి "కానివ్వండి సార్" అన్నాడు త్రినాథ్.

మాస్టారు ఖాళీ కుర్చీల వంక చూశారు.

"ఎవరో ఒకళ్లు జవాబు చెప్పాలయ్యా. లేకపోతే నావల్ల కాదు."

"దానికేముందండి, నేను చెప్తాను. మీరడగండి."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. వేలు చూపించి, "ఐదు పవర్ సున్నా ఎంత?" అని అడిగారు.

"సున్నా సార్!" అన్నాడు త్రినాథ్, కెమెరా వెనకనుంచి హుషారుగా.

"తప్పు. కూర్చో."

త్రినాథ్ కెమెరా వదిలేసి నిజంగానే కూర్చున్నాడు. ఆ తర్వాత మాస్టారు వాడి తప్పుని పట్టుకుని బోర్డంతా తిరిగారు. చివరికి వాడే గంతేసి "ఒకటి సార్! ఒకటే!" అని అరిచాడు. "ఒప్పు. లే" అన్నారు మాస్టారు. పెళ్లిళ్లలో ఎన్ని తాళిబొట్లు కట్టించినా ఇంత ఆనందం కలగలేదని త్రినాథ్ చెప్పాడు. మాస్టారికి తను చెప్పిన పాఠాలన్నిట్లోకీ ఆ ముక్కే బాగా నచ్చింది.

బసవపున్నయ్యకి ఆ ముక్కే నచ్చలేదు. హాళ్లు నడిపిన రోజుల్లో షో టైముకి ముగియాలని పాటలూ, ఏడుపులూ కత్తిరించిన చెయ్యి ఆయనది. "ఇక్కడ లాగుడెక్కువుంది, తీసెయ్. కెమెరా కుర్రోడి గొంతు వినపడకూడదు, అదీ తీసెయ్" అన్నాడు. త్రినాథ్ తీసేశాడు. మిగిలిన బొమ్మలో మాస్టారు తామరపువ్వులోంచి పైకొస్తారు, పెళ్లి వీడియోల అలవాటు మరి. మీద గులాబీ రేకులు రాలతాయి. "ఐదు పవర్ సున్నా ఎంత?" అంటారు. కాసేపు మౌనం. "తప్పు. కూర్చో" అంటారు. మరుక్షణం రెండో అధ్యాయం మొదలవుతుంది.

పాఠాలన్నీ తీయడం పూర్తయ్యాక బసవపున్నయ్య మాస్టారికి శాలువా కప్పాడు. "బొమ్మ అదిరిందండి మాస్టారూ. ఇంక మీరు రానక్కర్లేదు."

"నేను రాకపోతే క్లాసులో ఎవరుంటారండి?"

"మీరే ఉంటారు! మూడు ఊళ్లలోనూ ఉంటారు. ఇంతకుముందు ఒక్క ఊళ్లోనేగా ఉండేది?"

మాస్టారికి జీతం బెంగ లేదు, ఇల్లు గడిచిపోతుంది. కానీ క్లాసు గది వాసన తగలకుండా రోజు గడుస్తుందంటే ఆయనకి నమ్మకం లేదు. "ఏదో ఒక మూల కూర్చోనివ్వండి, చాలు" అన్నారు. అంత చదువుకున్న మనిషి అలా అడిగితే ఎవరైనా లేచి తన కుర్చీ ఇచ్చేవారు. బసవపున్నయ్యకి మాత్రం పాత రోజులు గుర్తొచ్చాయి. సినిమా బాక్సు వెంట పంపిణీదారుడి మనిషి ఒకడు వచ్చేవాడు. బొమ్మ సరిగ్గా ఆడిందో లేదో చూసుకుని, బాక్సు తీసుకుని తర్వాతి ఊరు వెళ్లేవాడు. వాణ్ణి రిప్రజెంటేటివ్ అనేవారు.

"మీ బొమ్మకి మీరే రిప్రజెంటేటివ్. కానీ ఒక్కటి మాస్టారూ. హాల్లో మీరు నోరు విప్పకూడదు. రిప్రజెంటేటివ్ డైలాగులు చెప్తే బొమ్మ విలువ పోతుందండి."

మాస్టారు ఒప్పుకున్నారు.

ఆ సీడీకి కాపీ తీసి మూడు ఊళ్లలో తలా ఒకటి ఉంచుకోవచ్చు. ఈ సంగతి ప్రిన్సిపాల్ ఒకసారి భయపడుతూనే మనవి చేశాడు. బసవపున్నయ్య ఇంతెత్తున లేచాడు. "కాపీయా? పైరసీ అంటారయ్యా దాన్ని! నా హాళ్లు మూడూ మునిగింది దానివల్ల కాదూ!" అన్నాడు. దాంతో ఒక్క సీడీయే ఊళ్లు తిరిగింది. రీళ్లు మోసిన పాత ఇనప పెట్టెలో, నడిమధ్య ఒక్క సీడీని పెట్టి, అది గలగల్లాడకుండా చుట్టూ తువ్వాలు కూరి మాస్టారు మోసుకెళ్లేవారు. పొద్దున తెనాలిలో మార్నింగ్ షో. రైలెక్కి బాపట్లలో మ్యాట్నీ. మళ్లీ వెనక్కి తెనాలి వచ్చి, రేపల్లె ప్యాసింజరు పట్టుకుని అక్కడ ఫస్ట్ షో. రైల్లో పక్కవాళ్లు పెట్టెలో ఏముందని అడిగితే "నేనే" అందామనుకునేవారు గానీ, "లెక్కలు" అని ఊరుకునేవారు.

హాల్లో ప్రొజెక్టరు పక్కన స్టూలు వేసుకుని, రిమోటు చేత్తో పట్టుకుని కూర్చునేవారు. తెర మీద కోటు వేసుకుని నల్లజుట్టుతో మెరిసిపోయే సారూ, స్టూలు మీద నలిగిన చొక్కాలో నెరిసిన తలతో ఉన్న మనిషీ ఒకరేనని ఎవరికీ తోచలేదు. "మీరు ఆ సారు గారి అన్నయ్యాండి?" అని రేపల్లెలో ఒకమ్మాయి అడిగింది. నోరు విప్పకూడదు గనుక మాస్టారు తల అడ్డంగానూ నిలువుగానూ కలిపి ఊపారు.

ఇంటికొస్తే భార్య సుందరమ్మ అన్నం వడ్డిస్తూ అడిగేది. "ఇవాళ పాఠం ఎలా జరిగిందండీ?"

"బాగానే చెప్పాడు."

"చెప్పాడేంటండి, చెప్పాను అనాలి గానీ!"

మాస్టారు మజ్జిగ పోసుకునేవారు.

మొదటి పాఠం మాత్రం మూడు ఊళ్లలోనూ బ్రహ్మాండంగా ఆడింది. తామరపువ్వు రాగానే ఈలలు. ప్రశ్న పడగానే హాలంతా జవాబులు. తెనాలి పిల్లలు సున్నా అన్నారు, ఐదు అన్నారు, యాభై అన్నారు. ఒకడు విసుగొచ్చి "మా నాన్న పేరు రాఘవయ్య సార్" అన్నాడు. దేనికైనా తెర ఒకటే మాట అంది. రేపల్లె పిల్లలు మరీ అమాయకులు. నోరు మూసుక్కూర్చున్నా తెర "తప్పు. కూర్చో" అంటోంది, కూర్చున్నవాణ్ణి కూర్చోమంటే ఎలా అని మథనపడి, సార్ మాట వృథా పోకూడదని తామరపువ్వు కనపడగానే ముందే లేచి నిలబడేవారు. తెర అనగానే అందరూ ఒక్కసారి కూర్చునేవారు. ఆ క్రమశిక్షణ చూసి బసవపున్నయ్య కళ్లు చెమర్చాయి. జనం కోరిక మీద ఆ మొదటి పాఠాన్నే వారానికొకసారి మళ్లీ వేయమన్నాడు.

పరీక్ష కూడా పెట్టారు. కాగితాలు దిద్దడం కంప్యూటరుకి అప్పగించారు. సరైన జవాబులు సీడీ చూసి ఎక్కించారు. ఐదు పవర్ సున్నాకి ఏ జవాబైనా తప్పేనని సీడీ చెబుతోంది గనుక, ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసినవాళ్లందరికీ మార్కు పడింది.

ఒకటి అని రాసి మార్కు పోగొట్టుకున్నది బాపట్లలో గీతిక.

గీతికది చీరాల దగ్గర ఈపురుపాలెం. ఇంట్లో మరమగ్గాలు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే చదువుకుంది గనుక హాల్లో ఎన్ని ఈలలు పడినా ఆ పిల్ల ధ్యాస చెదిరేది కాదు. మొదటి రోజు మ్యాట్నీలో ప్రశ్న పడగానే లేచి నిలబడి, "ఒకటండి" అంది. గట్టిగా, అనుమానం లేకుండా అంది. స్టూలు మీద మాస్టారు దాదాపు లేచేశారు. ఆ గొంతులో జవాబొక్కటే కాదు, అక్కడికి నడిచొచ్చిన దారి కూడా ఉంది. మాస్టారి చెవికి అది తెలిసిపోతుంది.

"తప్పు. కూర్చో" అంది తెర.

హాలు గొల్లుమంది. గీతిక నిలబడే ఉంది, సార్ ఇంకేదో చెబుతారని. తెర మీద రెండో అధ్యాయం మొదలైంది. ఆ పిల్ల మెల్లగా కూర్చుంది. మాస్టారు రిమోటుని గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయారు. తన గొంతు మీద తనకే అంత కోపం రావడం ఆయనకి అదే మొదలు.

మరుసటి వారం కూడా గీతిక లేచి "ఒకటండి" అంది. గొంతు కొంచెం తగ్గింది. తప్పు, కూర్చో. ఆ పై వారం కూర్చునే అంది. తర్వాత అనడం మానేసింది.

నెలాఖరు దగ్గర పడ్డ ఒక సాయంత్రం బాపట్ల స్టేషన్లో ఇద్దరూ తారసపడ్డారు. ఆ పిల్ల చీరాల వైపు బండికి, ఈయన తెనాలి వైపు బండికి. మాస్టారు ఇనప పెట్టె కింద పెట్టి దాని మీద కూర్చున్నారు. ప్లాట్‌ఫారం హాలు కాదు గదా అని గుండె చిక్కబట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పింది ఒప్పమ్మా. ఒకటే."

గీతిక ఉలిక్కిపడి చూసింది. "మీకు మాటలొచ్చాండి బాబాయ్ గారూ?"

"వచ్చమ్మా. జవాబు ఒకటే. నువ్వు మనసులో ఏం పెట్టుకోకు."

ఆ పిల్ల నవ్వింది. పెద్దవాళ్లు ఓదారుస్తుంటే నవ్వే నవ్వు అది. "మీరు మంచోళ్లండి. నా మొహం చూసి జాలిపడి చెప్తున్నారు. ఆ సారుకి నా మొహం కూడా తెలీదు కదండి. ఆయనకి నా మీద జాలీ లేదు, కోపమూ లేదు. ఆయనెందుకు అబద్ధం చెప్తారు?"

మాస్టారు పెట్టె మీంచి లేచారు. "ఆ సారు నేనేనమ్మా."

గీతిక ఆయన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. "పోలికలు లేకపోలేదండి" అంది మర్యాదగా. "అయినా నాకింక లెక్కలతో పని లేదులెండి. ఈ నెలతో మానేస్తానని అమ్మకి చెప్పేశాను. వారం వారం అదే తప్పంటే నా బుర్రలోనే ఏదో తేడా ఉండుంటుంది."

బండి వచ్చింది. ఆ పిల్ల వెళ్లి ఎక్కింది. మాస్టారి బండి కూడా వచ్చింది గానీ ఆయన దాన్ని వదిలేసుకున్నారు. ఆ రోజు రేపల్లెలో ఫస్ట్ షో పడలేదు. రేపల్లె పిల్లలు చాలాసేపు నిలబడే ఉన్నారట, కూర్చోమనేవాళ్లు లేక.

మర్నాడు బసవపున్నయ్య దగ్గరికెళ్లి మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆ తీసేసిన ముక్క మళ్లీ కలపండి. లేదా ఆ రెండు మాటలైనా తీసేయించండి. ఒక పిల్ల చదువు పోతోందండి."

"ఆ రెండు మాటల కోసమే కదయ్యా జనం వస్తోంది!" బసవపున్నయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "రికార్డు స్థాయిలో ఆడుతున్న బొమ్మని ముట్టుకుంటే కళ్లు పోతాయి. అయినా మాస్టారూ, తెర మీద ఉన్నది ఎవరు? మీరు. తప్పన్నది ఎవరు? మీరు. ఇక్కడికొచ్చి కాదంటోంది ఎవరు? మళ్లీ మీరేనాయె. ముందు మీలో మీరు ఒక మాట మీదకి రండి."

పైగా ఆ శనివారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. కాలేజీలకి ఇంకా ఎక్కువ సీట్లు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంది. బాపట్లలో మ్యాట్నీకి వస్తారు, మొదటి పాఠమే వేస్తారు. హాలుకి మామిడాకుల తోరణం కట్టించాడు. బ్లాక్‌బోర్డు గోడకి నల్లటి మచ్చలా ఉందని దానికి సున్నం కొట్టించేశాడు. తెర ఉండగా బోర్డెందుకని.

శనివారం వచ్చింది. బాల్కనీలో సోఫాలు వేశారు. కమిటీ పెద్ద ఈశ్వరప్రసాద్ గారు, రిటైరైన లెక్కల ప్రొఫెసరు, కూల్ డ్రింకు పట్టుకుని కూర్చున్నారు. పక్కన బసవపున్నయ్య. కింద నేల టికెట్టు పిల్లలు. మూడో వరసలో గీతిక, ఒళ్లో సంచీ. ఆ పిల్లకి అదే ఆఖరి రోజు.

లైట్లు ఆర్పారు. తామరపువ్వు విచ్చుకుంది. "అబ్బ!" అన్నారు కమిటీలో ఒకరు. గులాబీ రేకులు రాలాయి.

"ఐదు పవర్ సున్నా ఎంత?"

పిల్లలకి నోరెత్తవద్దని గట్టిగా చెప్పి ఉంచారు. హాలంతా నిశ్శబ్దం. మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి ఆ హాల్లో ఒకే ఒకరున్నారు. ఈశ్వరప్రసాద్ గారు ఎప్పటి అలవాటో ఏమో, కూల్ డ్రింకుతో సహా లేచి నిలబడి "ఒకటి సార్!" అన్నారు.

"తప్పు. కూర్చో."

ఆయన కూర్చున్నారు. హాలు హాలంతా చూసింది ఆయన కూర్చోవడం. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకుని, పక్కాయనతో గొంతు తగ్గించి, "ఇన్నాళ్లూ పిల్లలకి ఒకటనే చెప్పానండీ. ఎంతమందికి చెప్పానో ఏంటో" అన్నారు. ఆ నిశ్శబ్దంలో అది కింద స్టూలు దాకా వినపడింది.

మూడో వరసలో గీతిక సంచీ భుజానికి తగిలించుకుంది. అంత పెద్దాయనకే తప్పయితే ఇంక తేలాల్సిందేమీ లేదు.

మాస్టారు చీకట్లో హాలంతా కలయచూశారు. జవాబు ఒకటని చెప్పేవాళ్లు ఇప్పుడీ హాల్లో ఒక్కరూ మిగల్లేదు. పిల్ల కూర్చుంది, ప్రొఫెసరు కూర్చున్నాడు. తను మొదటినుంచీ కూర్చునే ఉన్నాడు. అలా వదిలేస్తే ఐదు పవర్ సున్నా ఈ లోకంలో ఏమీ కాకుండా పోతుంది.

ఆయన రిమోటు మీద బొత్తాం నొక్కారు. తెర మీది సారు నోరు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయాడు. మాస్టారు స్టూలు మీంచి లేచి, నడిచి వెళ్లి, సరిగ్గా తెర ముందు, ప్రొజెక్టరు వెలుగులో నిలబడ్డారు.

హాలు భగ్గుమంది. తెరకి అడ్డం నిలబడ్డవాణ్ణి ఏమనాలో ఆ పిల్లలకి ఒకరు నేర్పక్కర్లేదు. "కూర్చో! ఓయ్ కూర్చో! అడ్డం లే! కూర్చో!" ఈలలు, చప్పట్లు. బాల్కనీలోంచి బసవపున్నయ్య గొంతు అన్నిటికన్నా పైన. "రిప్రజెంటేటివ్! బాక్సు తీసుకుని బయటికి నడువు!"

బతుకంతా ఎదుటివాళ్లని కూర్చోమన్న మనిషిని ఊరు ఊరంతా కూర్చోమంటోంది. ఆయన కూర్చోలేదు. పిల్లల వైపు తిరిగారు. తెర మీది మొహం వచ్చి ఆయన మొహం మీద పడింది. కన్ను కన్ను మీద, ముక్కు ముక్కు మీద, నల్లజుట్టు నెరిసిన జుట్టు మీద. ముందు వరసలో ఈల నోట్లోనే ఆగిపోయింది. వెనక వరసలు ఒకటొకటిగా సద్దుమణిగాయి.

"గీతికా" అన్నారు మాస్టారు.

అది తెరలోంచి నెలల తరబడి విన్న గొంతే. తెరకి మాత్రం ఆ పేరు తెలీదు.

గుమ్మం దాకా వెళ్లిన గీతిక ఆగింది.

"ఐదు పవర్ సున్నా ఎంత?"

ఆ పిల్ల భుజాన సంచీ సర్దుకుంది. "ఒకటి... అనుకున్నానండి."

"ఒప్పు. లే."

గీతిక అప్పటికే నిలబడి ఉంది. అయినా ఆ మాట వినగానే ఇంకా లేచినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారికీ తిరిగాయి, వెలుగు కళ్లలో పడటం వల్ల ఎవరూ గమనించలేదు.

"బయటికి లాగండయ్యా ఆయన్ని!" అన్నాడు బసవపున్నయ్య.

"ఆగండి!" ఈశ్వరప్రసాద్ గారు అప్పటికే బాల్కనీ మెట్లు దిగుతున్నారు. "ఒకటెందుకో చెప్పమనండి. ఇది తేల్చుకోకుండా నేను రైలెక్కలేను."

బోర్డు లేదు, సుద్దముక్క అసలే లేదు. ప్రొఫెసరు గారు జేబులోంచి లావుపాటి స్కెచ్ పెన్ను తీసిచ్చారు. మాస్టారు ఇటూ అటూ చూసి, తెల్లటి తెర మీదే, తన బొమ్మ కోటు మీదే రాయడం మొదలుపెట్టారు. బసవపున్నయ్య గుండె పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు.

"ఐదు పవర్ మూడు నూట పాతిక. పవర్ రెండు పాతిక. పవర్ ఒకటి ఐదు. ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడల్లా ఏం చేస్తున్నాం?"

"ఐదుతో భాగిస్తున్నామండి" అంది గీతిక. వరసల మధ్య నుంచి ముందుకి నడుస్తోంది.

"ఇంకో మెట్టు దిగు. ఐదుని ఐదుతో భాగిస్తే?"

"ఒకటి!" అంది నేల. "ఒకటి!" అంది బాల్కనీ. "ఒకటేనయ్యా!" అన్నారు ప్రొఫెసరు గారు, పోయిన వస్తువు దొరికినట్టు.

తర్వాత కమిటీ ఇచ్చిన రిపోర్టులో 'అధ్యాపకుడు తెరలోంచి బయటికి నడిచివచ్చి సందేహాలు తీర్చే ఆధునిక సాంకేతికత మరే కాలేజీలోనూ లేదు' అని రాశారు. అడిగినదానికన్నా ఎక్కువ సీట్లిచ్చారు. బసవపున్నయ్య పరుగెత్తుకొచ్చి, హీరో హాలుకొస్తే జనం ఊగిపోరా మరి అంటూ, ఇకనుంచి ప్రతి షోలో అదే చోట బొమ్మ ఆపి తెరలోంచి రమ్మని మాస్టారిని బతిమాలాడు. కానీ అదంతా తర్వాతి సంగతి. అప్పటికి మాస్టారికి అవేవీ తెలియవు. ఉద్యోగం పోయిందనే అనుకుంటున్నారు, దిగులేమీ లేదు. పెన్ను మూత పెట్టి, జేబులోంచి రిమోటు తీశారు. ఇక రెండో అధ్యాయం నడవాలి.

"మాస్టారూ" అంది గీతిక.

బాబాయ్ గారూ అనలేదు. ఆయన వెనక్కి తిరిగారు.

"ఇలాగే ఏ అంకెకైనా పవర్ సున్నా వేస్తే ఒకటే వస్తుంది కదండి. సున్నాకి ఏ పవర్ వేసినా సున్నాయే కదా. మరి సున్నా పవర్ సున్నా ఎంతండి? ఇటునుంచొస్తే ఒకటి, అటునుంచొస్తే సున్నా."

హాలంతా మాస్టారి వంక చూసింది. తెర మీది సారు నోరు తెరుచుకునే ఉన్నాడు గానీ అందులో ఈ ప్రశ్నకి మాట లేదు. మాస్టారు ప్రొఫెసరు గారి వైపు చూశారు. ఆయన కూల్ డ్రింకు వైపు చూసుకున్నారు.

"దీనికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదమ్మా" అన్నారు మాస్టారు. ఆ మాట అంటుంటే ఆయన మొహం వెలిగిపోయింది. "దీని మీద మహామహులే వాదులాడుకున్నారు."

గీతిక నాలుక కరుచుకుంది. అడగకూడనిది అడిగాననుకుంది కాబోలు, పక్కనున్న కుర్చీని తడుముకుంటూ అలవాటుగా కూర్చోబోయింది.

"కూర్చోకు" అన్నారు మాస్టారు. రిమోటు మళ్లీ జేబులో వేసుకుని, పెన్ను మూత మళ్లీ తీసి ఆ పిల్లకేసి చాపారు. "ఇలా రా."